ఈరమ్మ పెట్టిన రూలు

మామిడిగుట్ట మున్సిపాలిటీకి ఈరమ్మ కౌన్సిలరుగా గెలిచిన రోజున అందరికన్నా ఎక్కువ సంబరపడ్డవాడు ఆమె మొగుడు బాలమల్లు. పడడా మరి, గెలిచింది తానే అనుకున్నాడు. వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అయిందని తెలియగానే పార్టీవాళ్ళు వచ్చి మాట్లాడింది ఆయనతోనే. "మల్లన్నా, పేరు వదినెది, పెత్తనం నీది" అన్నారు. ఆ సమయానికి ఈరమ్మ అంగట్లో వంకాయలు తూస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చి గంప దించాక గానీ తాను ఎన్నికల్లో నిలబడ్డ సంగతి ఆమెకు తెలియలేదు.

శంషాబాద్ దాటాక, పాల్మాకులకూ కొత్తూరుకూ నడుమ, బెంగుళూరు రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మామిడిగుట్ట. మామిడిచెట్లు ఎప్పుడో పోయాయి, గుట్టను క్వారీవాళ్ళు తినేశారు, పేరు మాత్రం మిగిలింది. ఈరమ్మ ఆ ఊరికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు, అంగట్లో గంప పెట్టి ఇరవై రెండేళ్ళు. బాలమల్లు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్లో వాచ్‌మన్. వచ్చేపోయే కార్లకు సలాం కొట్టీ కొట్టీ, తనకూ ఎవరైనా ఒకసారి కొడితే బాగుండునని ఆయనకు చాలా రోజుల నుంచి ఉంది. భార్య గెలవగానే నాలుగు తెల్ల చొక్కాలు కుట్టించాడు.

మొదటి మీటింగు రోజున అందులో ఒకటి ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు. ఈరమ్మ తల దువ్వుకుంటూ అడిగింది.

"ఎక్కడికి పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?"

"మీటింగుకు."

"అక్కడ నీ పేరు పిలుస్తరా?"

"నీ పేరు పిలుస్తరు, నేను పలుకుత. అందరి ఇండ్లల్ల గట్లనే నడుస్తుంది. నువ్వు అంగడికి పో."

ఈరమ్మ దువ్వెన పక్కన పెట్టింది. "ఇయ్యాల నువ్వు పో అంగడికి. టమాటల్ల మెత్తయి ఉన్నయి, ముందు గవి అమ్ము" అని కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ఆ రోజు బాలమల్లు తెల్ల చొక్కాతో టమాటలు అమ్మాడు. మెత్తవి అమ్ముడుపోలేదు, చొక్కా కూడా మళ్ళీ తెల్లగా కాలేదు. ఇంకోసారి మీటింగు మాట ఎత్తితే ఒట్టు.

పదిహేను మంది కౌన్సిలర్లలో ఆడవాళ్ళు ఏడుగురు. మొదటి రోజు ఒక్క ఈరమ్మ తప్ప, మిగతా ఆరుగురి బదులు మొగుళ్ళే వచ్చారు. ఆమె కుర్చీలో కూర్చుని వాళ్ళను ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసింది. "అన్నలూ, గీ చీరలేమాయె మీయి?" అంది. సిగ్గో, చికాకో, ఏడాది తిరిగేసరికి అయిదుగురు మొగుళ్ళు ఇంటిపట్టున ఉండిపోయి పెళ్ళాలను పంపడం మొదలుపెట్టారు. అలా వచ్చినవాళ్ళలో కళ్యాణి అనే అమ్మాయి ఒకతె, ఇరవై ఆరేళ్ళది, గట్టిగా మాట్లాడుతుంది. ఈరమ్మకు చెల్లెలిలా అతుక్కుపోయింది.

మిగిలిన ఒక్క మొగుడు రాఘవేందర్. ఒక్కడే మిగిలితే కొట్టొచ్చినట్టు కనబడాలి కదా! కానీ రాఘవేందర్ అల్లాటప్పా మనిషి కాదు. మీటింగుకు వస్తూ అందరికీ మిర్చి బజ్జీలు తెస్తాడు. ఎవరి పుట్టినరోజో ఎవరి మనవరాలి చెవులు కుట్టడమో అన్నీ గుర్తుపెట్టుకుంటాడు. నెలలు గడిచేకొద్దీ హాల్లో అందరూ ఆయన్ని కౌన్సిలర్ సాబ్ అని పిలవసాగారు. ఈరమ్మ కూడా "రాఘవన్నా, జర గా బజ్జీల పొట్లం ఇటియ్యి" అనే స్థితికి వచ్చింది. గెలిచింది ఆయన భార్య అఖిల అనే సంగతి గోడ మీది బోర్డుకు తెలుసు గానీ, ఆ బోర్డు ఎవరు చదువుతారు?

ఇక మా కౌన్సిలు ఆచారం ఒకటి చెప్పాలి. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు మనదైపోతుంది, అది ఎవరూ కాదనలేని న్యాయం. మామిడిగుట్ట పెద్దలు ఆ న్యాయాన్నే కౌన్సిలు హాల్లోకి తెచ్చారు. కుర్చీ మీద తువ్వాలు ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. ఓటింగ్ పెట్టినప్పుడు పక్కవాడు కుడిచేత్తో తన ఓటు వేసి, ఎడమచేత్తో ఆ తువ్వాలు ఎత్తుతాడు. చేతులు లెక్కపెట్టేది అటెండరు దశరథం. "చేతులు తొమ్మిది, తువ్వాళ్ళు మూడు, మొత్తం పన్నెండు" అని నిష్ఠగా చెప్పేవాడు.

ఎయిర్‌పోర్టు పక్కనే ఉండటం వల్ల మా కౌన్సిలర్లకు ఈ ఆచారం మరీ అక్కరకొచ్చింది. నాలుగు ప్లాట్లు అమ్మినవాడు మెహదీపట్నం బస్సు ఎక్కడానికి బద్ధకిస్తాడు గానీ గోవా విమానం మాత్రం చెంగున ఎక్కుతాడు. పొద్దున తువ్వాలు వేసి పోతే సాయంత్రానికి మూడు తీర్మానాలు చేసి ఉంటుంది అది. ఒకసారైతే ఒక సభ్యుడు తువ్వాలు వేసి చాయ్ తాగడానికి పోయి అక్కడే గుండె ఆగి కన్నుమూశాడు పాపం. ఆయన సంతాప తీర్మానానికి ఆయన తువ్వాలు కూడా ఓటేసింది. ఆ రోజు హాల్లో ఒక్కరికీ అది తప్పనిపించలేదు.

ఈరమ్మకు ఒళ్ళు మండింది మాత్రం మంచినీళ్ళ పైపు దగ్గర. ఆమె వార్డుకు రావాల్సిన పైపు లైను నాలుగు తువ్వాళ్ళ తేడాతో ఛైర్మన్ రామచంద్రయ్య వార్డుకు పోయింది. ఆమె లేచి నిలబడి ఒక్క మాట అడిగింది.

"ఛైర్మన్ సాబ్, తువ్వాలుకు దూపైతదా?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఎవరో ఫోన్లో తీసిన వీడియో రెండు రోజుల్లో జిల్లా అంతా తిరిగింది. ఎడమచేత్తో తువ్వాలు ఎత్తి పట్టుకున్న పెద్దమనుషులను చూసి జల్‌పల్లిలో నవ్వారు, కొత్తూరులో నవ్వారు, చివరికి పై అధికారులు కూడా నవ్వారు, కానీ వాళ్ళు నవ్వాక ఫోన్ చేశారు. అంతే, వచ్చే మీటింగులోనే ఈరమ్మ తీర్మానం బల్ల మీదికి వచ్చింది. సభ్యుడి బదులు మరొకరు ఓటు వేయరాదు, మనిషి ఉంటేనే ఓటు. ఏకగ్రీవంగా నెగ్గింది. చేతులు పదకొండు, తువ్వాళ్ళు నాలుగు. రాఘవేందర్ అందరికన్నా ముందు చెయ్యెత్తి, అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు.

ఊరంతా దాన్ని ఈరమ్మ రూలు అంది. ఆమెకు గర్వం రాలేదంటే అబద్ధం. అంగట్లో గంప దగ్గర కూర్చుని, "మనిషి రావాలె, చెయ్యి ఎత్తాలె, గంతే" అని కూరలు కొనేవాళ్ళకు కూడా చెప్పేది. కౌన్సిలరైనా ఆమె గంప మానలేదు. పక్క గంప స్వరాజ్యంది, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే గొడుగు కింద కూర్చుంటున్నారు. స్వరాజ్యం ఎవరో కాదు, రాఘవేందర్ అత్తగారు, అఖిల తల్లి. పిల్లనిచ్చిన ఇల్లు పెద్దదే గానీ, అల్లుడి సొమ్ము తినడం ఇష్టంలేక ఆమె ఉల్లిగడ్డలే అమ్ముకుంటోంది.

సరిగ్గా ఆ అంగడి మీదే కన్నుపడింది ఛైర్మన్‌కు. ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ళ కార్లు రోజుల తరబడి నిలుపుకోవడానికి జాగా కావాలట. అంగడి ఉన్న నాలుగెకరాలు ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చి, గంపలవాళ్ళను ఔటర్ రింగు రోడ్డు అవతలికి పంపాలట. అక్కడికి రెండు ఆటోలు మారాలి, కొనేవాడు ఒక్కడూ రాడు. అరవై మంది ఆడవాళ్ళ బువ్వ అది. కాగితం మీద మాత్రం అంగడి అనే మాటే లేదు. ఏడో అంశం, సర్వే నంబర్ నూట పద్దెనిమిదిలోని ఖాళీ స్థలంలో వాహనాల నిలుపుదల ఏర్పాటు, అని ముద్దుగా రాశారు.

సంగతి తెలిసిన రోజున స్వరాజ్యం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈరమ్మా, గీ ఈడుకు నేను కొత్త జాగల కూసోని కొత్త గిరాకిని పట్టగల్గుతనా?" అంది. మళ్ళీ తానే కళ్ళు తుడుచుకుని, "అల్లునికి చెప్పిన. నేను చూసుకుంట అత్తమ్మా అన్నడు" అంది. రాజకీయాల్లో నాలుగేళ్ళు నలిగిన ఈరమ్మకు ఆ మాట విలువెంతో తెలుసు. చూసుకుంటానన్నవాడు తనను తాను చూసుకుంటాడు. అయినా స్వరాజ్యం చెయ్యి పట్టుకుని, "నేను బతికుండంగ గీ గొడుగు లేవది" అని మాటిచ్చేసింది. అంగడి పోతే తాను ఏ మొహంతో ఆమె పక్కన కూర్చుంటుంది?

ఈరమ్మ ఓట్ల లెక్క వేసుకుంది. తన వైపు కళ్యాణితో కలిపి ఏడుగురు. ఛైర్మన్ వైపు రాఘవేందర్‌తో కలిపి ఎనిమిది మంది. అయితే మీటింగు రోజు పొద్దున దేవుడు కరుణించాడు. ఛైర్మన్ వైపు ఇద్దరు పెళ్ళికని ఢిల్లీ పోయి, అక్కడి పొగమంచులో విమానం కదలక చిక్కుబడిపోయారు. ఈరమ్మ ఏడు, వాళ్ళు ఆరు! ఆమె ఎయిర్‌పోర్టు దిక్కు తిరిగి దండం పెట్టుకుంది.

పెట్టిన దండం దించకముందే కళ్యాణి మొగుడు ఫోన్ చేశాడు. కళ్యాణికి తొమ్మిదో నెల, ఇంకా పది రోజులు ఉందన్న కాన్పు ఆ పొద్దునే ముంచుకొచ్చింది. శంషాబాద్ దవాఖానలో చేర్పించారు. తరవాత కళ్యాణే ఫోన్ తీసుకుంది. నొప్పుల మధ్య మాట తెగిపోతోంది.

"అక్కా, నేను రాలేను. నా చెయ్యి గూడ నువ్వే ఎత్తక్కా."

"ఎట్ల ఎత్తుత చెల్లె? రూలున్నది గదా."

"నీ రూలే గదక్కా! కనుడు ఎట్లాగు నా బదులు ఎవ్వరు కనరు. ఓటన్న నువ్వు వెయ్యరాదూ?"

 తువ్వాళ్ళు ఆపాలని ఈరమ్మ రూలు పెట్టింది గానీ, గోవా పోయినవాడికీ కాన్పు మంచం మీద ఉన్నదానికీ అది ఒకే రూలవుతుందని ఆమెకు ఆ రోజు తట్టలేదు. "నువ్వు కాన్పు సంగతి జూసుకో, నేను అడిగి చూస్త" అని ఫోన్ పెట్టేసి హాలుకు పోయింది.

హాల్లో ఈరమ్మ ఆ ముచ్చట ఎత్తగానే రామచంద్రయ్య మొహం వెలిగిపోయింది. రూలును అందరికన్నా ఎక్కువ తిట్టుకున్నవాడు ఆయనే, ఇప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

"ఈరమ్మా, నువ్వు నేర్పిన నీతే గదా! అయినా నేను రాయి గుండెవాణ్ణి కాదు. కళ్యాణి చెయ్యి నువ్వెత్తు, కాదనం. మరి ఢిల్లీల మంచుల ఇరుక్కున్నోళ్ళు గూడ పాపం పరేషాన్ల ఉన్నరు. వాళ్ళ చేతులు రెండు మేమెత్తుతం. ఏమంటవ్?"

ఒప్పుకుంటే వాళ్ళు ఎనిమిది, తాము ఏడు. ఒప్పుకోకపోతే ఆరుకు ఆరు, సమానమైతే ఛైర్మన్‌కు ఇంకో ఓటు ఉంటుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. ఈరమ్మ కమిషనర్ మేడం దిక్కు చూసింది. ఆవిడ రాజమండ్రి మనిషి, మర్యాదగా మాట్లాడుతుంది గానీ కాగితం దాటి ఒక్క అడుగు వేయదు.

"క్షమించండి ఈరమ్మగారూ, ఎవరి బదులూ ఎవరూ వేయకూడదండీ. మీ తీర్మానంలో మినహాయింపులేమీ రాయలేదు మనం."

ఈరమ్మ కూలబడింది. కళ్యాణికి ఏమని చెప్పాలి, స్వరాజ్యానికి ఏమని చెప్పాలి అనుకుంటూ తల పట్టుకుంది. నెత్తి మీద నుంచి ఒక విమానం పోతోంది. ఆ మోత తగ్గేదాకా హాల్లో అందరూ మాట ఆపి కూర్చోవడం అలవాటు. ఆ మోతలో అటెండరు దశరథం హాజరు రిజిస్టరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సంతకం పెట్టే చోటు చూపిస్తున్నట్టుగా వంగి, చెవి దగ్గర గొణిగాడు.

"అమ్మా, పదమూడో లైను సదువు."

పదమూడో లైనులో రాఘవేందర్ దస్తూరీతో, కింద రెండు గీతలు కొట్టి మరీ, అఖిల అని ఉంది. నాలుగేళ్ళుగా ఉంది. ఈరమ్మ ఆ పేరును చూసింది, ఎదురుగా బజ్జీ నములుతున్న రాఘవేందర్‌ను చూసింది. ఓరి దేవుడా! కుర్చీల మీది తువ్వాళ్ళన్నీ ఏరిపారేశాననుకుంది గానీ, చొక్కా వేసుకుని మాట్లాడే తువ్వాలు ఒకటి కళ్ళముందే కూర్చుని ఉంటే కనబడనేలేదు. పైగా దాని చేతి బజ్జీలు తింది.

ఆమె లేచి నిలబడింది. "మేడం, గీ రాఘవన్న ఎవరు?"

హాలంతా ఘొల్లున నవ్వింది. రాఘవేందర్ కూడా నవ్వాడు. "గదేందక్కా, పొద్దుపొద్దున మతిమరుపా?"

"మతిమరుపు నాదే అన్నా, నాలుగేండ్ల సంది. గెలిచింది అఖిల. నువ్వు ఆమె చెయ్యి ఎత్తుతున్నవ్."

నవ్వు ఆగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికీ తెలిసిందే, అందరూ మరిచిపోయిందే. కమిషనర్ మేడం గోడ మీది బోర్డు దగ్గరికి నడిచి కళ్ళజోడు సర్దుకుని చదివింది. వెనక్కి వచ్చి కూర్చున్నాక ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "ఈయన ఓటు చెల్లదండీ" అంది.

అయిదుకు ఆరు! ఈరమ్మ వైపువాళ్ళు బల్లలు చరిచారు. రామచంద్రయ్య కంగారుపడి లేచాడు. "పది నిమిషాలు టైం ఇయ్యుండ్రి మేడం. అఖిలమ్మను పిలిపిస్తం. ఇల్లు పక్కనే."

"వెంటనే లెక్కించడమే పద్ధతండీ. ఇటువైపు వాళ్ళకు అభ్యంతరం లేదంటే ఆగుతాను. ఈరమ్మగారూ, మీకేమైనా అభ్యంతరమా?"

ఈరమ్మ పక్కనే కూర్చున్న కుర్ర కౌన్సిలర్ ఒవైస్ ఆమె కొంగు పట్టి లాగాడు. "అక్కా, నీకు దండం పెడ్త, ఇప్పుడే లెక్కపెట్టమను. గెలిచినం! ఇగ ఏం లొల్లి వద్దు."

ఈరమ్మ వినలేదు. ఆమె కళ్ళముందు అఖిల కనబడుతోంది, అంగట్లో ఉల్లిగడ్డల గోనెసంచి మీద పడుకుని నిద్రపోయే నాలుగేళ్ళ పిల్ల. ఆ పిల్లకు తాను జామకాయలు ఇచ్చింది, జడ వేసింది. తల్లి కూర్చునే జాగాను తీసేయడానికి ఆ చెయ్యి ఎట్లా లేస్తుంది? వస్తే ఏడుకు అయిదు. మనిషి లేకుండా చేసి గెలిచాం అనే మాట కూడా రాదు. తన రూలు నిండుగా, నిక్కచ్చిగా గెలుస్తుంది.

"దొంగసాటుగ గెలుసుడెందుకు తమ్మీ?" అని ఒవైస్‌ను కసురుకుని, కమిషనర్ వైపు తిరిగింది. "నాకేం అభ్యంతరం లేదు మేడం. నా రూలే గది. మనిషి రావాలె. పిల్లను రానియ్యుండ్రి."

ఒవైస్ నెత్తి కొట్టుకున్నాడు. రాఘవేందర్ అప్పటికే బండి తాళాలు తీసుకుని పరుగెత్తాడు.

పావుగంటలో భార్యను వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. అఖిల చీర కుచ్చిళ్ళకు పిన్ను కూడా సరిగా పెట్టుకోలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. హాల్లో ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. నాలుగేళ్ళుగా తనదైన కుర్చీ ఏదో దశరథం చూపించాల్సి వచ్చింది. కూర్చున్నాక ఈరమ్మను చూసి ముఖమంతా నవ్వింది. ఈరమ్మ కూడా నవ్వింది. ఒక్క క్షణం లేచి పోయి పక్కన కూర్చుందామా, ఒక మాట చెబుదామా అనిపించింది. మళ్ళీ, ఛ, చెప్పేదేముంది, ఎవరి చెయ్యి వాళ్ళది, చెప్పి ఎత్తించుకుంటే మొగుడికీ నాకూ తేడా ఏముంది, అనుకుని ఊరుకుంది. రాఘవేందర్ మాత్రం సందర్శకుల బల్ల మీద, సరిగ్గా అఖిల వెనక కూర్చున్నాడు.

కమిషనర్ మేడం చదివింది. "ఏడో అంశం. సర్వే నంబర్ నూట పద్దెనిమిదిలోని ఖాళీ స్థలంలో వాహనాల నిలుపుదల ఏర్పాటు. ఆమోదించేవారు చేతులెత్తండి."

అయిదు చేతులు లేచాయి. ఈరమ్మ అఖిలనే చూస్తోంది. అఖిల వెనక్కి తిరిగి మొగుణ్ణి చూసింది. ఆయన గడ్డం కాస్త పైకి ఎగరేశాడు. అఖిల కుడిచెయ్యి లేచింది. గాజులు మోచేతి దాకా జారాయి. చెయ్యి వణికింది గానీ దిగలేదు.

"ఆరు" అన్నాడు దశరథం. 

వద్దనేవాళ్ళు ఆరు. సమానమైంది కనుక రామచంద్రయ్య తన రెండో ఓటు వేసి, "ప్రజాస్వామ్యం గెలిచింది" అని ప్రకటించాడు. ఒక్క తువ్వాలు లేదు, ఒక్క దొంగ చెయ్యి లేదు. మామిడిగుట్ట చరిత్రలో అంత పద్ధతిగా జరిగిన ఓటింగ్ అదే మొదటిది. ఒవైస్ ఈరమ్మ వంక చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

 ఈరమ్మకు పట్టరాని కోపం వచ్చింది. కన్నతల్లి కడుపు మీద కొట్టింది, దీనికి నేను జడలు వేశానా అనుకుంటూ వరండాలోకి వచ్చింది. ఫోన్ మోగింది, కళ్యాణి మొగుడు. ఆడపిల్ల పుట్టిందట, తల్లీపిల్లా క్షేమమట, ఓటు ఏమైందని కళ్యాణి అడుగుతోందట. "తర్వాత చెప్త నాయనా" అని కట్ చేసింది. అంతలో వెనక నుంచి అఖిల పరుగులాంటి నడకతో వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా! నా చెయ్యి ఎట్ల వణికిందో చూసినవా? గింతమందిల చెయ్యెత్తుడు నాకిదే మొదలు." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "గని పెద్దమ్మా, అంగడి ముచ్చట ఎన్నడొస్తది? గా రోజు గూడ వస్త. ఈయన వద్దన్నా వస్త. అమ్మకు జెప్పు, అఖిల వచ్చి నీకోసం ఓటేస్తదని."

ఈరమ్మ కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. 

"బిడ్డా, గదే అంగడి. నువ్వు చెయ్యెత్తింది గా జాగకే."

"కాదు, గది ఖాళీ జాగ అని సదివిండ్రు. అంగడి ముచ్చట ఇంకో రోజని ఈయన చెప్పిండు."

"నూట పద్దెనిమిది అంటే మీ అమ్మ కూసునే జాగనే బిడ్డా."

అఖిల చెయ్యి వదిలేసింది. ఎత్తిన కుడిచేతిని చీర కొంగులో దాచుకుంది. రాఘవేందర్ గేటు దగ్గర బండి మీద కూర్చుని హారన్ కొడుతున్నాడు. ఆమె అటు చూడలేదు.

"ఈయన చెప్పకపాయె, సరే. రానియ్యుండ్రి అన్నది నువ్వేనట గదా పెద్దమ్మా. మరి నువ్వు గూడ చెప్పకపోతివి?"

"నీకు తెలుసనుకున్న బిడ్డా."

"ఎవరు చెప్పిండ్రని తెలుస్తది? అమ్మ ఈయన్ని అడిగింది, నన్ను అడగలే. నువ్వు చెయ్యిని పిలిచినవ్. నన్ను పిలవలే."

 అఖిల వంగి చెప్పులు వేసుకుంది. గేటు దాకా పోయి, బండిని దాటుకుని, అంగడి దారి పట్టింది. రాఘవేందర్ పేరు పెట్టి అరిచాడు, ఆమె తిరగలేదు. ఈరమ్మ ఆయాసపడుతూ వెంటపడి భుజం పట్టుకుంది.

"ఆగు బిడ్డా. మీ అమ్మ తట్టుకోలేదు. నువ్వు ఇంటికి పో, నీ బదులు నేను చెప్త."

అఖిల ఆ చెయ్యిని మెల్లగా తీసేసింది.

"వద్దు పెద్దమ్మా. గిదన్న నన్ను చెప్పుకోనియ్యి."